పంతొమ్మిది పూలు

బెంగళూరు,
6 అక్టోబర్ 2023

అత్తమ్మా,

ఫోన్లో చెప్తే అయిపోయేదానికి ఉత్తరమెందుకని మొండయ్య మామ నవ్వుతాడని తెలుసు. కారణం ఉంది. నా పరిశోధనకు పూలు కావాలి. వాటితోపాటు ఏ రోజు, ఏ మొక్క నుంచి కోశారో రాసిన కాగితం కావాలి. వాట్సాప్ మెసేజ్‌ను మా దగ్గర ఆధారంగా ఒప్పుకోరు. తేదీ, సంతకం ఉన్న ఉత్తరాన్ని ఒప్పుకుంటారు. పదిహేనేళ్లుగా మహిళా సంఘం మినిట్స్ పుస్తకం రాస్తున్న మనిషివి, నీకు ఇది కొత్త కాదు.

పని ఇది. మీ చేనులోని బుడ్డ మిరపలో ముప్పై మొక్కలకు నంబర్లు కట్టు. ఒక్కో మొక్క నుంచి ఒక్కో మొగ్గ తీసుకో. తెల్లారితే విచ్చుకునే మొగ్గ కావాలి. విచ్చుకున్న పువ్వు వద్దు, దాని మీద అప్పటికే తేనెటీగ వాలి ఉంటుంది. పాత పేపర్ల మడతల్లో పెట్టి, నంబర్లు రాసి పంపు.

ఎందుకో కూడా చెప్పాలి. మిరప పువ్వు నడుమ ఒక కాడ ఉంటుంది. దాని చుట్టూ ఐదారు నీలం పుల్లలు ఉంటాయి, పుప్పొడి వాటిలోనే. అడవి మిరపల్లో చాలావాటికి నడిమి కాడ పుల్లలను దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పక్క మొక్క పుప్పొడి దానికి సులువుగా అందుతుంది. మనుషులు సాగు చేసినవాటిలో చాలామటుకు ఆ కాడ పొట్టిదై పుల్లల మధ్యకు జరిగింది. తన పుప్పొడితో తానే కాయ కాస్తుంది. పువ్వు ఆకారం అలా మారడానికి విత్తనం ఏరిన చేతులు ఎంతవరకు కారణం? నా థీసిస్ అడిగే ప్రశ్న అదే. మీ మిరపలో కాడ ఎక్కడుందో ఇప్పటిదాకా ఎవరూ కొలవలేదు.

ఇక్కడి హాస్టల్లో సాంబారు తియ్యగా ఉంటుంది. నువ్వు కట్టిచ్చిన కారప్పొడి అయిపోవచ్చింది.

నీ మేనకోడలు
సారలమ్మ


గుట్టకిందిపల్లె,
21 అక్టోబర్ 2023

బిడ్డా సారలమ్మా,

అందరం కులాసా. మామకు మోకాలి నొప్పి ఉంది. దవాఖానకు పోదామంటే మిరప కోతలయ్యాక చూద్దాం అంటున్నాడు.

ముప్పై మొగ్గలు ఇందులో పెట్టాను. 18, 19 తేదీల్లో, పొద్దు వాలే వేళ కోసినవి. ఒకటి నుంచి ముప్పై దాకా నంబర్లు మడతల మీద ఉన్నాయి. ఏ మొగ్గ తెల్లారి విచ్చుకుంటుందో నువ్వు చెప్పాల్సిన పని లేదు. పద్దెనిమిదేళ్లు హైబ్రిడ్ విత్తనాల ప్లాట్లలో క్రాసింగ్ కూలి పని చేశాను. చేతిలో చిమ్టా లేకపోయినా నా గోరుకు తెలుస్తుంది. సూపర్‌వైజర్ వచ్చి చూసినా వంక పెట్టలేనంత శుభ్రంగా చేసి పెట్టాను.

విత్తనం ఎవరు ఏరారని అడిగావు కనుక రాస్తున్నాను. మా అత్త మల్లక్క ఏరేది, ఆమె తర్వాత నేను. ఎంత మంచిదైనా ఒక్క చెట్టు కాయలే విత్తనానికి పెట్టనిచ్చేది కాదు. చేను నడుమ నుంచి నూరు చెట్లకు నూరు కాయలు, ఒక్కో చెట్టుకు ఒక్కటే. ఎందుకని అడిగితే, "ఒక్కదాని పిల్లలే అయితే ఒక్క రోగానికే అన్నీ పోతయే" అనేది. ఇప్పటికీ అలాగే తీస్తున్నాను.

ఇక్కడ కొత్త సంగతి ఒకటే. కంపెనీ ఏజెంటు భానుచందర్ వారానికి మూడుసార్లు ఊళ్లోకి వస్తున్నాడు. ఈ ఊరి క్రాసింగ్ ప్లాట్లు వాళ్ల కంపెనీవే. మొన్న గ్రామ పంచాయతీ కాడ అందరి ముందు నా విత్తనం గురించి ఇలా అన్నాడు:

"అక్కా, ఏమనుకోకు. ఒక చెట్టుకు పొట్టి కాయ, ఒక చెట్టుకు పొడుగు కాయ. గిది విత్తనమా, కలగూరగంపనా?"

"తమ్మీ, మీ ఇంట్ల అన్నదమ్ములందరు ఒక్క తీర్గనే ఉంటరా?" అని అడిగాను.

జనం నవ్వారు. అతను నవ్వలేదు.

నీ అత్తమ్మ
బక్కమ్మ


బెంగళూరు,
9 నవంబర్ 2023

అత్తమ్మా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

ముప్పై మొగ్గలనూ నీళ్లలో నానబెట్టి భూతద్దం కింద విప్పాను. పదకొండు మామూలు పూలు. మిగిలిన పంతొమ్మిదింట్లో నీలం పుల్లలు లేవు. వాటి చోట చిన్న చిన్న మొద్దులు మాత్రం ఉన్నాయి. ఒకే చేనులో రెండు రకాల మొక్కలు: ఆడ, మగ భాగాలు రెండూ ఉన్నవి, ఆడ భాగం మాత్రమే ఉన్నవి. ఒక జాతి మొక్కలు ఆడవిగా, మగవిగా విడిపోయే దారిలో ఇది మొదటి మెట్టు కావచ్చని పుస్తకాల్లో చదివాను. అది మీ చేనులో ఉంటుందనుకోలేదు.

మా గైడు సుదర్శన్ సార్ రెండుసార్లు చూశారు. ఆ మొద్దులు పుట్టుకతోనే ఎదగని పుల్లలని ఆయన తేల్చారు. పుప్పొడి లేని మిరప రకాలు ఇప్పటికే కొన్ని ఉన్నాయి, కానీ దొడ్డు కాయల దేశీ రకంలో దొరకడం కొత్త అన్నారు. హైబ్రిడ్ విత్తనం చేయడానికి మీరు మొగ్గ మొగ్గకూ చిమ్టాతో పుల్లలు తీసేవారు కదా. ఇలాంటి మొక్క ఉంటే ఆ పని అక్కర్లేదు, మొక్కే తీసేసుకుని పుడుతుంది.

జనవరి 11న ఇక్కడ జరిగే సదస్సులో దీన్ని నేనే చదవాలి. సంక్షిప్త పత్రం సార్ అప్పుడే పంపేశారు. నా ఫెలోషిప్ పొడిగించేదీ లేనిదీ ఆ నెలలోనే తేలుతుంది.

ఆ పంతొమ్మిది మొక్కల విత్తనం విడిగా తీసి ఉంచు. పుప్పొడి లేనివాటి నంబర్లు వెనక రాశాను.

సారలమ్మ


గుట్టకిందిపల్లె,
24 నవంబర్ 2023

సారలమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి కోపం వచ్చింది.

నా చేనులో గొడ్డు మొక్క లేదు. నీ నంబర్లు పట్టుకుని ముప్పై మొక్కల దగ్గరకూ పోయి చూశాను. అన్నీ కాశాయి. నువ్వు ఆడదని రాసిన నాలుగో నంబరుకు నలభై ఒక్క కాయలున్నాయి. కలగూరగంప అని భానుచందర్ అన్నాడు. సగం లేనిదని నువ్వు అంటున్నావు. మాటలే వేరు.

రెండో సంగతి. పక్కన ఎవరూ లేకుండా చదవమని నువ్వే రాశావు. నీ ఉత్తరం వచ్చిన మూడో రోజు భానుచందర్ స్వీటు డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చాడు.

"అక్కా, నీ మేనకోడలు మస్తు పెద్ద పని జేసింది. జర ఆ పందొమ్మిది చెట్లు మాకు సూపెట్టు."

"నీకెవలు జెప్పిండ్రు?"

"పెద్ద సార్లు మాట్లాడుకుంటాండ్రు. మనకెందుకే గదంత."

స్వీటు డబ్బా అతని బండి హ్యాండిల్‌కే తగిలించి పంపాను. డబ్బా లోపలికి రానిస్తే ఏం పోయేదని మీ మామ సాయంత్రం దాకా గొణిగాడు.

పంతొమ్మిది అన్న లెక్క ఈ ఊళ్లో నాకు ఒక్కదానికే తెలుసు. బెంగళూరులో నీకు తెలుసు. అతనికి నువ్వు చెప్పావా, నీ సార్‌తో చెప్పించావా? నా విత్తనం కంపెనీకి ఇవ్వడానికే పూలు తెప్పించుకుని ఉంటే ఆ మాట ముందే రాయాల్సింది. నేనూ ముందే వద్దనేదాన్ని.

విత్తనం పంపను.

బక్కమ్మ


బెంగళూరు,
4 డిసెంబర్ 2023

అత్తమ్మా,

భానుచందర్‌కు నేను చెప్పలేదు. అడిగితే సుదర్శన్ సార్ దాచలేదు. మా ల్యాబుకు పరికరాలు ఇచ్చింది భానుచందర్ కంపెనీయే. వాళ్లకు చెప్పడం మర్యాద అన్నారు. మీ ఊరి పేరు, నీ పేరు కూడా ఇచ్చారు. నన్ను అడగలేదు. ఆ తప్పు నాది కాదు, కానీ నా నోటుబుక్కులోంచే పోయింది.

గొడ్డు అని నేను రాయలేదు. పుప్పొడి లేని మొక్క కూడా పక్క మొక్కల పుప్పొడితో కాస్తుంది. కాయలున్నంత మాత్రాన నా మాట తప్పు కాదు. అయినా నలభై ఒక్క కాయలని నువ్వు రాసినప్పటి నుంచి నాకు ఒక అనుమానం పట్టుకుంది. మొద్దులను మళ్లీ భూతద్దం కింద పెట్టాను. ఎదగని పుల్ల కొస సన్నగా ముడుచుకుని ఉండాలి. వీటి కొసలు నలిగి ఉన్నాయి.

నీ మీద కోపంతో కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను. ఆ మొగ్గలు నువ్వొక్కదానివే కోశావా? కోసి మడతలో పెట్టేలోపు వాటిని ఏం చేశావు? ఆ ముప్పై మొక్కల మీదే మరో ముప్పై మొగ్గలు కోయించు. ఈసారి వాటిని తుంచి పేపర్లో పెట్టడం తప్ప ఇంకేమీ చేయొద్దు.

సారలమ్మ


గుట్టకిందిపల్లె,
12 డిసెంబర్ 2023

బిడ్డా,

తప్పు దొరికింది. నాదే.

పదో తేదీ సాయంత్రం మా ఇంటి కోడలు పద్మలతను తీసుకుని చేనుకు పోయాను. నువ్వు ఆడ మొక్కలని రాసినవాటి మీద ఆ పొద్దున విచ్చిన పూలు ముందు చూశాం. ప్రతి పువ్వులో నీలం పుల్లలున్నాయి. నీ యూనివర్సిటీ గురించి నేనొక మాట అన్నాను, అది రాయను. మాట్లాడుతూనే నాలుగో నంబరు మొగ్గ తుంచాను. పద్మలత నా చెయ్యి పట్టుకుంది.

"అత్తా, ఏం జేస్తానవ్?"

"ఏం జేస్తాన? తెంపుతాన."

"తెంపుడు గాదు. గోరు జూస్కో."

చూసుకున్నాను. బొటనవేలి గోటి సందున ఐదు నీలం పుల్లలు. తీసినట్టు నాకు తెలియదు. రోజుకు నాలుగైదు వందల మొగ్గల చొప్పున పద్దెనిమిది సీజన్లు తీశాను. సాయంత్రంపూట మొగ్గ చేతికి వస్తే పుల్లలు తీసేయకుండా కింద పెట్టిన రోజు లేదు. తీయకపోతే ఆ రోజు కూలి కోత. నువ్వు అడిగింది కూడా సరిగ్గా ఆ మొగ్గలనే, మేం పని చేసే మొగ్గలనే.

అక్టోబరులో పదకొండు మొగ్గలు పద్మలత కోసింది. ఆమె ఎప్పుడూ ప్లాట్లకు పోలేదు. పంతొమ్మిది నేను కోశాను. నీ రెండు రకాల మొక్కలు మేమిద్దరమే.

"సైంటిస్టులనే మోసం జేసినవ్ గదనే" అని మీ మామ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. నిన్ను అనరాని మాట అన్నాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

మళ్లీ ముప్పై మొగ్గలు పంపుతున్నాను. అన్నీ పద్మలత కోసినవి. నేను గట్టు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాను. మీ సార్‌కు ఈ ఉత్తరం చూపించు.

బక్కమ్మ


బెంగళూరు,
20 డిసెంబర్ 2023

అత్తమ్మా,

చూపించాను. సార్ చదివి మడిచి నాకే ఇచ్చారు. "ఒక కూలీ మనిషి రెండు నెలల తర్వాత గుర్తు తెచ్చుకుని రాసింది. ఇది ఆధారం కాదు" అన్నారు. అక్టోబరులో నువ్వు రాసిన ఉత్తరమేమో ఆధారం.

పద్మలత వదిన కోసిన ముప్పైలోనూ పుల్లలున్నాయని చెప్పాను. చలికి ఆ గుణం కనపడకుండా పోయి ఉండొచ్చు, అలా జరుగుతుంది, సదస్సులో 'ప్రాథమిక ఫలితం' అని చదివేయమన్నారు. వచ్చే సీజన్లో దొరకకపోతే దొరకలేదని రాద్దామన్నారు. ఎవరికీ నష్టం లేదన్నారు.

నేను మూడు రోజులు ఆలోచించాను. ఇప్పుడు రాసే మాటకు నన్ను ఎన్ని తిట్టినా సరే. జనవరి నెల గడిచేదాకా ఈ సంగతి ఇంకెవరికీ రాయకు. ఫెలోషిప్ పొడిగింపు కాగితం మీద సార్ సంతకం కావాలి. అది లేకపోతే నాలుగేళ్ల చదువు ఇక్కడితో ఆగిపోతుంది. నాన్నకు ఏం చెప్పాలో నాకు తెలియదు. అబద్ధం చెప్పమని నిన్ను అడగడం లేదు. ఊరుకోమని అడుగుతున్నాను.

సారలమ్మ


గుట్టకిందిపల్లె,
30 డిసెంబర్ 2023

సారలమ్మా,

ఊరుకోను.

ఎవరికీ నష్టం లేదని మీ సార్ అన్నాడట. ఇరవై ఆరో తేదీన భానుచందర్ క్రాసింగ్ పనికి పోయే ఆడవాళ్లందరినీ పిలిచి మాట్లాడాడు. నేనూ పోయి వెనక కూర్చున్నాను. అతని మాటలు ఇవి:

"వచ్చే ఏడాది నుంచి గిన్ని చేతుల పని ఉండది. మీ బక్కమ్మక్క చేన్ల దొర్కిన చెట్టుతోని చిమ్టాలు మూలకు పడ్తయ్. ఉన్న పనికి ఇచ్చినంత తీస్కోండ్రి. వద్దంటే మీ ఇష్టం."

పద్నాలుగు మంది తిరిగి నన్నే చూశారు. పక్కింటి సావిత్రి లేచి నిలబడి అడిగింది:

"ఏందక్కా, మా నోటి కాడి బువ్వ నువ్వే గుంజుతానవా?"

అప్పుడు నేను నిలబడి గోటి సంగతి మొత్తం చెప్పాను. అందరూ తమ గోళ్లు చూసుకున్నారు. తర్వాత నవ్వు మొదలైంది. తన పెళ్లినాడు మల్లెమొగ్గలు మాల కట్టబోయి సగం గిచ్చి పాడు చేశానని సావిత్రి ఒప్పుకుంది. అందరి చేతులూ అంతే.

భానుచందర్ మాత్రం, "అక్కా, నువ్వు చెప్పేది ఎవలు నమ్ముతరే? అక్కడ సదువుకున్నోళ్లు రాసిండ్రు" అన్నాడు.

"రాసింది నా మేనకోడలే. కొట్టేసేది గూడ ఆమెనే" అన్నాను.

నిన్ను అడగకుండానే ఆ మాట అన్నాను.

నీ చదువు నాకు చిన్నది కాదు. మన ఇంట్లో కాలేజీ గడప దాటిన మొదటి ఆడపిల్లవు నువ్వు. నా పద్దెనిమిది సీజన్ల అలవాటు వల్ల నీ నాలుగేళ్లు పోతే ఆ పాపం నాకు తెలుస్తూనే ఉంటుంది. కానీ లేని మొక్కను ఉందని నువ్వు చదివితే, ఆ లేని మొక్కను చూపించి ఇక్కడ పద్నాలుగు మంది కూలి తగ్గిస్తారు. అది వచ్చే సీజన్లో కాదు, ఇప్పుడే మొదలైంది.

సంఘం మినిట్స్ పుస్తకంలో గోటి సంగతి మీద తీర్మానం రాశాను. పద్నాలుగు మంది సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. నకలు ఇందులో పెట్టాను. అసలు పుస్తకం నా దగ్గర ఉంది. పదకొండో తేదీన నువ్వు అక్కడ నిజం చదివితే నాకు అంతకంటే ఏం వద్దు. చదవకపోతే పన్నెండో తేదీన ఇంకో నకలు సదస్సు పెట్టినవాళ్లకు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతాను. నీకు తెలియకుండా చేయకూడదని ముందే రాస్తున్నాను.

నీ అత్తమ్మ
బక్కమ్మ


బెంగళూరు,
17 జనవరి 2024

అత్తమ్మా,

పన్నెండో తేదీన పోస్టాఫీసుకు పోయి ఉంటే ఆ నకలు దండగ. పదకొండో తేదీనే చదివాను.

నీ బెదిరింపుకు భయపడి చదవలేదు. నీ ఉత్తరం ఎనిమిదో తేదీన వచ్చింది. బొమ్మలు సిద్ధం చేస్తూ ఆ నలిగిన కొసలను ఇక దాటెయ్యలేక, ఐదో తేదీనే సార్‌కు చెప్పేశాను, చదివితే నిజమే చదువుతానని. నీ ఉత్తరం చూశాక ఏడుపొచ్చింది. నమ్మకుండా గడువు పెట్టావని కోపం కూడా వచ్చింది. అయితే ఊరుకోమని ముందు రాసింది నేనే కనుక ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు.

నాకు పన్నెండు నిమిషాలు ఇచ్చారు. మొదటి బొమ్మ: నలిగిన మొద్దు. రెండో బొమ్మ: పద్మలత వదిన కోసిన మామూలు పువ్వు, అదే మొక్కది. మూడోది, పద్నాలుగు సంతకాల తీర్మానం. పంతొమ్మిది పూలలో పుల్లలు తీసింది ప్రకృతి కాదు, మా మేనత్త అని చెప్పాను. కొందరు నవ్వారు. నువ్వు రాసిన నవ్వు లాంటిది కాదు. వెనక వరుస నుంచి ఒకాయన లేచి, "కూలీ చేసిన పొరపాటుకు ఇన్ని నిమిషాలు ఎందుకు? ఆ పంతొమ్మిదీ తీసేసి మిగతావి చెప్పొచ్చు కదా" అన్నారు.

"అది పొరపాటు కాదు, పని. ఆ పని ఎలా ఉంటుందో నేను తెలుసుకోకపోవడం పొరపాటు" అన్నాను.

మిగిలిన ఐదు నిమిషాల్లో మీ మిరప గురించి చెప్పాను. నీకూ చెప్పాలి, ఎందుకంటే అసలు దొరికింది ఇదే. రెండోసారి వచ్చిన ముప్పైలో ఇరవై రెండు పూలకు నడిమి కాడ పుల్లలను దాటి బయటికి ఉంది. సాగు మిరపల్లో చాలావాటిలో లోపలికి జరిగిపోయిన కాడ మీ చేనులో జరగలేదు. పక్క మొక్క పుప్పొడికి ఇంకా చోటుంది. నూరు చెట్లకు నూరు కాయలని మల్లక్క అమ్మమ్మ పెట్టిన పద్ధతి దీనికి కారణమా కాదా అన్నది ఇప్పుడే అనలేను. కొన్నేళ్లు కొలవాలి. భానుచందర్ కలగూరగంప అన్న తేడాలకు మూలం మాత్రం పువ్వు ఆకారంలోనే ఉంది, అది కల్తీ కాదు. అతనికి ఈ కాగితం చూపించు.

సుదర్శన్ సార్ పొడిగింపు మీద సంతకం పెట్టలేదు. ఫెలోషిప్ ఈ నెలతో ఆగిపోతుంది. నాన్నకు నిన్న ఫోన్ చేసి చెప్పాను. ఆయన "తిండికేం జేస్తవ్?" అని అడిగాడు. ఇంటర్ పిల్లలకు ట్యూషన్ మాట్లాడుకున్నాను. వేరే విభాగంలో ఒక మేడమ్ నన్ను తీసుకుంటానన్నారు. ఏడాది వెనకబడతాను. ఆమె ఒకటే షరతు పెట్టారు: చేనుకు నేనే పోయి, నా చేతులతోనే కోయాలి. వచ్చే అక్టోబరులో వస్తాను. అప్పుడు నువ్వు గట్టు మీద కూర్చోవడం కాదు, నాతోపాటు చేనులోకి దిగాలి. మొగ్గ ముట్టకుండా ఎలా ఉంటావో నేనూ చూస్తాను.

నిన్న గైడు మార్పు దరఖాస్తు ఇవ్వడానికి ఆఫీసుకు పోయాను. అందులో 'కారణం' అని ఒక గడి ఉంది. గుమాస్తా చిత్తూరు వైపు ఆయన, మంచివాడు. అందరూ 'సొంత కారణాలు' అనే రాస్తారు, అదే రాయమన్నాడు. నేను ఇలా రాశాను: "లేని మొక్కను ఉన్నట్టు చదవమన్నారు. చదవలేదు."

ఆయన చదివి కళ్లద్దాలు తీశాడు. "అమ్మా, ఈ కాగితం నువ్వు ఎక్కడికి పోయినా నీ ఫైల్లోనే ఉంటాది. ఉద్యోగాలకు పోయినా సరే, ముందు దీన్నే చూస్తారు. కొత్త ఫారం ఇస్తా, మార్చి రాయి" అన్నాడు.

పాత దాని మీదే ముద్ర వేయమన్నాను.

సారలమ్మ